ఐవీఎఫ్ ఫారం మీద సంతకం పెట్టే ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతులు

ఎగ్ పికప్ (అండాలు తీసే) రోజు పొద్దున ఆరున్నరకల్లా బెంగళూరు మారతహళ్ళి నుంచి ఆటోలో బయల్దేరాం. మా ఆవిడ రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు, హాస్పిటల్ గౌను వేసుకుని బెడ్ మీద కూర్చుని వణుకుతోంది, ఏసీకో భయానికో తెలీదు. అప్పుడొచ్చింది నర్సు, ఓ దొంతర కాగితాలతో. "సార్ ఇక్కడ, మేడమ్ ఇక్కడ, మళ్ళీ ఇక్కడ" అంటూ ఆవిడ పేజీలు తిప్పుతుంటే మేం సంతకాలు పెట్టుకుంటూ పోయాం. మధ్యలో ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగింది. భర్త చనిపోతే మిగిలిన ఎంబ్రియోలు (ల్యాబులో తయారైన పిండాలు) ఏం చెయ్యాలి, భార్య చనిపోతే ఏం చెయ్యాలి, విడిపోతే ఏం చెయ్యాలి అని రాసుంది, పక్కన టిక్కు పెట్టడానికి గళ్ళు. నేను నర్సు మొహం చూశాను. ఆవిడ పెన్నుతో ఒక గడి చూపించి "అందరూ ఇదే పెడతారు సార్" అంది. పెట్టేశాను. ఏ గడిలో పెట్టానో సాయంత్రానికి గుర్తు లేదు.

ఐవీఎఫ్ తప్పా ఒప్పా, దేవుడిచ్చేదాన్ని ల్యాబులో చెయ్యొచ్చా లాంటి చర్చలు భోజనాల దగ్గర చుట్టాలు బాగానే చేస్తారు. మంచిచెడ్డలు నిజంగా తేలేది ఆ గళ్ళలో. అవి కడుపు కాలుతున్నప్పుడు, మత్తు డాక్టరు బయట వాచీ చూసుకుంటున్నప్పుడు నింపేవి కావు. అందుకని మొదట చెయ్యాల్సింది ఇది: అడ్వాన్స్ కట్టే రోజే "కన్సెంట్ ఫారాలన్నీ ఒక కాపీ ఇవ్వండి, ఇంటికెళ్ళి చదువుకుని తెస్తాం" అని అడగండి. మొహమాటపడకండి. ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల మీద 2021లో వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం చికిత్స వల్ల లాభాలు, నష్టాలు, ఖర్చు, సక్సెస్ అవకాశం అన్నీ క్లినిక్ వాళ్ళు మీకు కౌన్సెలింగ్ చేసి చెప్పాలి, రాతపూర్వక సమ్మతి లేకుండా ఏదీ చెయ్యకూడదు, ఎంబ్రియోని గర్భసంచిలో పెట్టేలోపు మీరు ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు కూడా. బెంగళూరులో ఫారాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. మీ ఇద్దరిలో ఒకరికి ఇంగ్లీషు అంతంతమాత్రం అయితే తెలుగు వచ్చిన కౌన్సెలర్‌ని అడగండి, ఈ ఊళ్ళో తెలుగు వచ్చినవాళ్ళు దొరక్కపోవడమేంటి.

క్లినిక్‌కి ఈ చట్టం కింద పెట్టిన నేషనల్ రిజిస్ట్రీలో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) వరకే చేసేవాళ్ళు లెవెల్ 1, ఐవీఎఫ్ చెయ్యాలంటే లెవెల్ 2 ఉండాలి. ఇది 5 నిమిషాల పని.

ముందు మగాడి పరీక్ష

ఒక ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే, భార్యకి 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ డాక్టర్ దగ్గరకి వెళ్ళాలంటారు. ఇద్దరూ అన్న మాట దగ్గరే మా ఇంట్లో తేడా వచ్చింది. ఒంగోలు వైపు మా ఊళ్ళో పిల్లలు లేకపోతే తొలి మాట కోడలి మీదే పడుతుంది. రెండేళ్ళ పాటు మా ఆవిడకి థైరాయిడ్, అండాల నిల్వ చెప్పే ఏఎంహెచ్, ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ, ఒకసారి లాప్రోస్కోపీ కూడా అయ్యాయి. మా అమ్మ ఊరి నుంచి వచ్చి మరీ ఘాటి సుబ్రహ్మణ్య గుడికి తీసుకెళ్ళి ఆమె చేత నాగప్రతిష్ఠ చేయించింది. ఆ రెండేళ్ళలో నా పరీక్ష గురించి ఎవరూ అడగలేదు, నేనూ చేయించుకోలేదు, ఆ ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని ఆ చిన్న గదిలోకి వెళ్ళడం నాకు నామోషీ అనిపించింది కాబట్టి. చివరికి చేయిస్తే వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకి 40 లక్షలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మాన్యువల్‌లో కింది హద్దు 1 కోటి 60 లక్షలు.

కాబట్టి ఆడమనిషి ఒంటి మీద ఒక్క సూది పడకముందే వీర్య పరీక్ష అయిపోవాలి. దానికి కత్తీ లేదు, మత్తూ లేదు, రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండి వెళ్తే చాలు. బాగా రాకపోతే హడావిడి పడకుండా ఓ మూడు నెలలాగి మళ్ళీ చేయించండి, వీర్యకణం తయారవడానికి సుమారు అంత కాలం పడుతుంది. జిమ్‌లో స్టెరాయిడ్లు, టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కి దాచొద్దు, కౌంట్‌ని అవి సున్నాకి కూడా దించగలవు. పిల్లలు కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది.

రిపోర్టు వచ్చిన రాత్రి అమ్మకి ఫోన్ చేసి "అమ్మా, లోపం నాదేనమ్మా" అని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఈ సంగతి మీ పిన్నికి మాత్రం చెప్పకురా" అంది. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. రెండేళ్ళు మా ఆవిడ గురించి ఆ పిన్నికి అన్నీ చెప్పింది ఈవిడే.

ఇంకో మాట. లోపం నాదైనా చికిత్స మాత్రం ఆమె ఒంటికే. పది పన్నెండు రోజులు రోజూ పొట్ట మీద ఇంజెక్షన్లు, రెండు రోజులకోసారి స్కాన్, ట్రిగ్గర్ అనే చివరి ఇంజెక్షన్ ఇచ్చాక సుమారు 36 గంటలకి మత్తిచ్చి అండాలు తీయడం. కొందరికి అండాశయాలు ఉబ్బిపోయి పొట్టలో నీరు చేరి హాస్పిటల్లో ఉండాల్సి వస్తుంది, ఓహెచ్ఎస్ఎస్ అంటారు. అందుకే మేం పెట్టుకున్న నియమం, ఆపుదాం అనే మాటలో ఆమె మాటకే బరువు ఎక్కువ. ఆమె వద్దంటే నేను బతిమాలకూడదు, మా అమ్మ అసలు నోరెత్తకూడదు. మా అమ్మకి ఈ నియమం చెప్పడానికి నాకు మూడు ఫోన్లు పట్టింది.

సక్సెస్ ఎంతో అడగడం

బోర్డు మీద 70 శాతం సక్సెస్ అని ఉంటే దేనిలో 70 అని అడగాలి. బీటా రిపోర్టు (గర్భం వచ్చిందో లేదో చెప్పే రక్తపరీక్ష) పాజిటివ్ రావడం వేరు, స్కాన్‌లో గుండె చప్పుడు కనబడడం వేరు, బిడ్డ ఇంటికి రావడం వేరు. ఈ ప్రశ్న ఇలాగే అడగండి: "మా ఆవిడ వయసువాళ్ళలో, సొంత అండాలతో, చికిత్స మొదలుపెట్టిన వందమందిలో ఎంతమంది బిడ్డని ఎత్తుకుని ఇంటికెళ్ళారు?" డోనర్ (దాత) అండాలతో వచ్చిన అంకెలు కలిపి చెబుతారు, ట్రాన్స్‌ఫర్ (ఎంబ్రియోని గర్భసంచిలో పెట్టడం) వరకు వచ్చినవాళ్ళనే లెక్కపెట్టి చెబుతారు, ఆ మాయలో పడకండి. సూటిగా చెప్పే డాక్టర్ ఉంటే అంకె చిన్నదైనా అక్కడే ఉండండి.

ఈ అంకెల గురించి ఆలోచిస్తే నాకు టి.సి. ఆనంద్ కుమార్ గుర్తొస్తాడు. 1986లో ముంబైలో పుట్టిన పాపని దేశంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ అన్నారు, ఆ పని వెనకున్న శాస్త్రవేత్త ఈయన. తర్వాత కలకత్తా డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కాగితాలు చదివి, 1978 అక్టోబర్‌లోనే ఆయన చేతుల మీదుగా పాప పుట్టిందని, మొదటివాడు ఆయనేనని 1997లో తనే పూనుకుని చెప్పాడు. సుభాష్ మాటని అప్పటి ప్రభుత్వ కమిటీ నమ్మలేదు, ఆయన 1981లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆనంద్ కుమార్ తన మొదటి స్థానం తనే వదులుకున్నాడు. ఆయన చివరికి స్థిరపడింది మన బెంగళూరులోనే. మనం అడిగేది అంత త్యాగమేం కాదు, ఒక్క అంకె సరిగ్గా చెప్పమని.

డబ్బు గురించి. చాలా ఆరోగ్య బీమాలు దీన్ని కవర్ చెయ్యవు. మాకు ఒక్క సైకిల్‌కి (ఒక విడత చికిత్సకి) అన్నీ కలిపి 2 లక్షల 30 వేలయింది, ప్యాకేజీ అని చెప్పింది లక్షా అరవై. ఇంజెక్షన్లు, మత్తు, ఫ్రీజింగ్ అన్నీ బయట. కాగితం మీద రాయించుకోండి. మధ్యలో "ఈ టెస్టు కూడా చేయిస్తే అవకాశం పెరుగుతుంది" అని ఏదైనా కలిపితే, దాని వల్ల బిడ్డలు ఎక్కువ పుట్టారని రుజువుందా అని ఒక్క ప్రశ్న వెయ్యండి. డాక్టర్ ఏదో గొణిగితే వద్దని చెప్పండి. మా ఆవిడ పుట్టింటి నగలు తాకట్టు పెట్టే దాకా వచ్చింది మాకు, ఆ డబ్బులో 40 వేలు ఇలాంటి అదనపు వాటికే పోయాయి. చెన్నై ఎగ్మోర్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో, హైదరాబాద్ గాంధీలో ప్రభుత్వ ఐవీఎఫ్ సెంటర్లున్నాయి. అప్పు చేసే ముందు ఆ తలుపు తట్టి చూడండి.

ఒకటా రెండా

"రెండు పెట్టించుకోండి, ఒకే ఖర్చుతో ఇద్దరు" అని మా మామయ్యగారు సలహా ఇచ్చారు. ఒక పాలిచ్చే గేదెకి రెండు దూడలు అన్నట్టు. కవలలైతే నెలలు నిండకుండా పుట్టే అవకాశం బాగా ఎక్కువ, బరువు తక్కువ, ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) రోజులు, తల్లికి బీపీ. ఆ కష్టం పడేది సలహా ఇచ్చినవాళ్ళు కాదు. వయసు, ఎంబ్రియో నాణ్యత చూసి డాక్టర్ రెండంటే ఎందుకో వినండి. మామూలుగా అయితే ఐదో రోజు ఎంబ్రియో మంచిదుంటే ఒకటి పెట్టించుకుని మిగతావి ఫ్రీజ్ చేయించుకోవడమే పుట్టబోయేవాడికి మనం చేసే మొదటి న్యాయం అని నా అభిప్రాయం.

ఆడా మగా అన్న ప్రశ్న అడగనే వద్దు. ఎంబ్రియో దశలో లింగం చూడడం కూడా నేరమే, 5 నుంచి 10 ఏళ్ళ జైలు దాకా ఉంది. దుబాయ్ వెళ్తే చేస్తారట అనే బాబాయ్‌లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, టీ ఇచ్చి పంపండి.

డోనర్ మాట వచ్చినప్పుడు

మాకు ఆ అవసరం పడలేదు, కానీ మొదటి సైకిల్ ఫెయిలయ్యాక డాక్టర్ ఆ మాట ఎత్తారు, రెండు నెలలు మా ఇంట్లో ఇదే గొడవ. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

మొదట వచ్చే ఆలోచన "తమ్ముడిది తీసుకుంటే రక్తం మనదే ఉంటుంది కదా", లేదా "మరదలు అండం ఇస్తుంది". నాకూ వచ్చింది. చట్టం దానికి దారి ఇవ్వలేదు, దాతని వెతకడం, పరీక్షలు చెయ్యడం అన్నీ రిజిస్టరైన ఏఆర్‌టీ బ్యాంకు (దాతల అండాలు, వీర్యం సేకరించే సంస్థ) ద్వారానే జరగాలి. మొదట చిరాకేసింది, తర్వాత ఆలోచిస్తే మంచిదే అనిపించింది. పండక్కి వచ్చిన ప్రతిసారీ మా తమ్ముడు ఆ పిల్లాణ్ణి ఎలా చూస్తాడు, నేను మా తమ్ముణ్ణి ఎలా చూస్తాను? ఆస్తి పంపకాల రోజు ఆ మాట ఎవరి నోటి నుంచి వస్తుంది? డోనర్ ద్వారా పుట్టినా చట్టం దృష్టిలో ఆ బిడ్డ మీ సొంత బిడ్డే, దాతకి ఏ హక్కూ ఉండదు. కానీ చట్టం సంక్రాంతికి ఇంటికి రాదు.

రెండో ఆలోచన కులం, గోత్రం. "మనవాళ్ళ అమ్మాయే ఉంది సార్, ఫెయిర్‌గా ఉంటుంది, ఇంజినీరింగ్ చదివింది" అని చెప్పే మధ్యవర్తులు తయారయ్యారు. అలాంటి మాట విన్న చోట ఒక్క నిమిషం కూడా కూర్చోకండి. గోత్రం అండంలో ఉండదు. ఆ అమ్మాయి ఎవరు, ఎందుకు వచ్చింది, ఎన్నోసారి వచ్చింది అని ఆలోచించండి. చట్టం ప్రకారం అండ దాతకి 23 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకి మించి తియ్యకూడదు, అమ్మకం కొనుగోలు నేరం. 2022లో తమిళనాడు ఈరోడ్‌లో ఏం జరిగిందో గుర్తుందా? పదహారేళ్ళ పిల్లకి దొంగ ఆధార్ తయారుచేసి, కన్నతల్లే పలుసార్లు అండాలు అమ్మించింది. ఆ కేసు విచారణ తిరుపతి దాకా వచ్చింది. అవి ఏ ఇంట్లో ఏ బిడ్డయ్యాయో ఆ తల్లిదండ్రులకి ఎప్పటికీ తెలియదు.

కాబట్టి డోనర్ దారిలో వెళ్తుంటే మూడు కాగితాలు అడగండి. బ్యాంకు రిజిస్ట్రేషన్, దాత సమ్మతి తీసుకున్నట్టు రుజువు (పేరు కనబడనక్కర్లేదు), దాతకి 12 నెలల బీమా పాలసీ. ఈ బీమా మీ డబ్బుతోనే చేయించాలని చట్టంలోనే ఉంది, మీరు కట్టాలి కాబట్టి రసీదు చూపించమని అడిగే హక్కూ ఉంది. ఆ అమ్మాయికి ఓహెచ్ఎస్ఎస్ వస్తే ఎవరు చూస్తారు అన్నదానికి ఈ ఒక్క కాగితమే జవాబు.

బిడ్డకి చెప్పాలా వద్దా? మాకు తెలిసిన ఒక జంట, ఇద్దరూ ఇక్కడే ఐటీలో, పాపకి నాలుగేళ్ళప్పటి నుంచే కథలా చెబుతూ వచ్చారు, "నువ్వు రావడానికి ఒక అక్క చిన్న గింజ ఇచ్చింది" అని. వాళ్ళ అత్తగారికి మాత్రం చెప్పలేదట, నాకు అది తలకిందులుగా అనిపించింది, కానీ వాళ్ళిష్టం. నేను చెప్పడం వైపే ఉంటాను. రేపు డాక్టర్ "మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా, గుండె జబ్బుందా" అని అడిగిన ప్రతిసారీ ఆ పిల్ల తప్పు జవాబు చెప్పకూడదు కదా. పైగా ఉమ్మితో చేసే డీఎన్‌ఏ పరీక్షలు వచ్చిన ఈ రోజుల్లో పాతికేళ్ళ తర్వాత కూడా రహస్యం రహస్యంగానే ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు?

సరోగసీ, అంటే బిడ్డని వేరే ఆమె కడుపులో మోయించడం గురించి పొట్టిగా. డబ్బిచ్చి చేయించడం ఇప్పుడు నేరం. వైద్య ఖర్చులు, చట్టం ఒప్పుకున్న ఖర్చులు, 36 నెలల బీమా తప్ప మోసే ఆమెకి వేరే చెల్లింపు ఉండకూడదు, ఆమెకి అప్పటికే సొంత బిడ్డ ఉండాలి, 25 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉండాలి, మెడికల్ బోర్డు సర్టిఫికెట్, మేజిస్ట్రేట్ కోర్టు ఉత్తర్వు కావాలి. ఇవేమీ లేకుండా "అంతా మేమే చూసుకుంటాం, ముప్పై లక్షలు, తొమ్మిది నెలలకి బిడ్డ" అంటే పారిపోండి. 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసులో ఓ జంట సరోగసీ బిడ్డ అనుకుని తీసుకెళ్ళి డీఎన్‌ఏ చేయిస్తే కలవలేదు, వేరే పేదవాళ్ళ దగ్గర కొన్న బిడ్డ అని తేలింది.

ఎక్కడ ఆపాలి

ఇది మొదటి ఇంజెక్షన్‌కి ముందే రాసుకోండి. నిజంగా, కాగితం మీద. మేం మూడు సైకిళ్ళు, ఏడు లక్షలు అని రాసి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో పెట్టుకున్నాం, లోపల ఇంజెక్షన్లు, బయట ఆ చీటీ. ఫెయిలైన రోజు బుర్ర పనిచెయ్యదు, ఇంకొక్కసారి అనిపిస్తుంది, డాక్టరూ అలాగే అంటారు. ఆ రోజు నిర్ణయం తీసుకోవద్దు, ఒక నెల ఆగండి.

వయసు సంగతి కూడా. భార్యకి 50, భర్తకి 55 నిండితే చట్టం ఒప్పుకోదు. 2019లో గుంటూరులో డెబ్భై దాటిన ఒకావిడ ఐవీఎఫ్‌తో కవలల్ని కన్నప్పుడు టీవీలన్నీ పండగ చేశాయి, ఈ హద్దు ఇంకా రాకముందు సంగతి అది. ఆవిడ యాభై ఏళ్ళకి పైగా గొడ్రాలు అనిపించుకుంది, ఆవిడ బాధని నేను తప్పుపట్టను. ఆ వయసులో ఆ పని చెయ్యడానికి ఒప్పుకున్న వైద్యం గురించి మాత్రం నాకు అనుమానమే, ఆ పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి ఫీజు కట్టడానికి ఎవరుంటారని.

దత్తత ఆలోచన ఉంటే చివరి దాకా ఆగకండి. కారా (దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ) వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేసుకున్నాక ఏళ్ళు పట్టొచ్చు, రెండేళ్ళ లోపు పాపాయి కావాలంటే ఇద్దరి వయసులూ కలిపి 85 దాటకూడదు. చికిత్స జరుగుతుండగానే రిజిస్టర్ చేసుకున్నవాళ్ళు ఉన్నారు. ఒక్కటే జాగ్రత్త, ఐవీఎఫ్ ఫెయిలైన ఏడుపు తీరకముందే ఇంకో బిడ్డని ఆ ఖాళీలో కూర్చోబెట్టకండి.

మిగిలినవి

రెండో సైకిల్లో మాకు బాబు పుట్టాడు. ఇప్పుడు వాడికి మూడేళ్ళు. రెండు ఎంబ్రియోలు మిగిలాయి, మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో ఉన్నాయి. ఏటా మార్చిలో స్టోరేజ్ ఫీజు కట్టమని మెసేజ్ వస్తుంది. మొత్తం మీద పదేళ్ళే ఉంచుతారు, ఆ తర్వాత నశించిపోనివ్వాలి, లేదా మన సమ్మతితో పరిశోధనకి ఇవ్వాలి. వేరే జంటకి ఇవ్వడానికి మన చట్టం ఒప్పుకోదు. ఇది తెలిసినప్పుడు మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు, ఎవరికైనా ఇచ్చేద్దాం అనుకుంటూ ఉందట తను, నాకు చెప్పకుండా.

అందుకే ఇంటికి తెచ్చుకున్న ఫారంలో ఈ పేజీ దగ్గర ఎక్కువసేపు కూర్చోండి. ఎన్ని అండాలు ఫలదీకరణ చెయ్యమనాలో కూడా ముందే డాక్టర్‌తో మాట్లాడొచ్చు, మిగలడం ఇష్టం లేనివాళ్ళు తక్కువ చేయించుకోవచ్చు, కాకపోతే అవకాశమూ కాస్త తగ్గుతుంది. ఇద్దరూ విడివిడిగా, ఒకరి జవాబు ఒకరు చూడకుండా పెన్సిల్‌తో టిక్కులు పెట్టి, తర్వాత పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా వచ్చిన గడి దగ్గరే మీరు మాట్లాడుకోవాల్సింది ఉంది.

మేం పోయిన నెల హాస్పిటల్‌కి వెళ్ళి మా పాత ఫారం కాపీ అడిగాం. రికార్డుల గదిలో అరగంట వెతికి తెచ్చారు. నేను చనిపోతే ఎంబ్రియోలు నశించిపోనివ్వండి అని ఉంది, కింద నా సంతకం, పక్కన మా ఆవిడ వణుకు సంతకం. మార్చుకోవచ్చా అంటే, కొత్త ఫారం ఇచ్చారు. అది ఇంకా డైనింగ్ టేబుల్ మీదే ఉంది, పెన్సిల్ పక్కన.